మదీనా వానలో బండి మీద మనిషి

మన కడప వైపు ఒక్క వాయుగుండం వస్తే ఒక రాత్రిలో ఎంత వాన పడుతుందో, మదీనాకి ఏడాది మొత్తం మీద పడేది ఇంచుమించు అంతే. సగటున 60, 70 మిల్లీమీటర్లు. అదీ చలికాలంలోనూ వసంతంలోనూ, నవంబరు మొదలుకొని ఏప్రిల్ దాకా, అక్కడో రోజూ ఇక్కడో రోజూ. మిగతా కాలమంతా నిప్పుల ఎండ. అలాంటి ఊళ్ళో వానకోటు గురించి ఇంత మాట్లాడాలా అంటారేమో. మాట్లాడాలి నాయనా. 2025 జనవరి 6న మస్జిదె నబవీ (ప్రవక్త మసీదు) చుట్టుపక్కల ఒక్కరోజే 36 మిల్లీమీటర్లు కురిసింది. ఖుబా మసీదు దగ్గర 28. మదీనా ప్రాంతంలోనే ఉన్న బద్ర్ వైపు ఒకచోట 49. ఏడాది వానలో సగం ఒక్కరోజులో దిగిపోయిందన్నమాట. చుట్టూ చూస్తే ఉహుద్ కొండ, అయిర్ కొండ, తూర్పునా పడమరా నల్లటి లావా రాతి బీళ్ళు. 1256లో కూడా దగ్గర్లో అగ్నిపర్వతం పేలి లావా పారింది. ఆ రాతి నేల గట్టి వానను అంత తొందరగా పీల్చుకోలేదు. పడిన నీరు వాదీ అల్ అఖీఖ్ వంటి వాగుల్లోకి, రోడ్ల మీదికి పరుగెత్తుతుంది.

ఆ వానలోనే బండి మీద అన్నం పొట్లాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగే కుర్రాళ్ళున్నారు. రాయచోటి, కడప, నిజామాబాద్, పాతబస్తీ నుంచి వెళ్ళినవాళ్ళూ అందులో ఉన్నారు. మా వీధి పిల్లవాడొకడు ఫోనులో అడిగాడు: “తాతా, ఇక్కడ 60 రియాళ్ళ వానకోటూ ఉంది, 600 రియాళ్ళదీ ఉంది. ఏది కొనమంటావు?” వాడికి చెప్పిన కబుర్లే ఇవి, కాస్త వివరంగా.

ముందు ఒక లెక్క. గట్టి వాన పడుతోందనుకో, గంటకు 25 మిల్లీమీటర్ల లెక్కన. నువ్వు రోడ్డు పక్కన కదలకుండా నిలబడితే నీ తలా భుజాలూ కలిపి పైనుంచి వానకు అడ్డం వచ్చే జాగా చదరపు మీటరులో ఏడో వంతు ఉంటుంది. నిమిషానికి 60 మిల్లీలీటర్ల నీళ్ళు నీ మీద పడతాయి. చిన్న టీ గ్లాసుడు. ఇప్పుడు బండెక్కి 60 కిలోమీటర్ల వేగంతో పో. చినుకు సెకనుకు 7 మీటర్ల చొప్పున కిందికి దిగుతుంటే, నువ్వు సెకనుకు దాదాపు 17 మీటర్ల చొప్పున దానికి ఎదురెళుతున్నావు. ఆ వానలో ఒక్కో ఘనపు మీటరు గాలిలో ఒక గ్రాము నీరు వేలాడుతూ ఉంటుంది. నీ ఛాతీ, పొట్ట, మోకాళ్ళు, చేతులు కలిపి ఎదుటికి 0.6 చదరపు మీటరు జాగా. సెకనుకు 10 ఘనపు మీటర్ల గాలిని చీల్చుకుంటూ పోతావు, అంటే సెకనుకు 10 గ్రాములు, నిమిషానికి 600 మిల్లీలీటర్లు. సన్న తుంపర్లు కొన్ని గాలితోపాటు పక్కకు తప్పుకుపోతాయనుకున్నా, నిలబడ్డవాడికి పడేదానికి పదింతల దగ్గర. పైగా అది పైనుంచి కాదు, ఎదురుగా వస్తుంది. నడిచేవాడి కోసం కుట్టిన వానకోటు బండివాడికి చాలకపోవడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం గాలి ఒత్తిడి. పెంకుటింటి కప్పు గుర్తు తెచ్చుకోండి. పై పెంకు అంచు కింది పెంకు మీదికి వాలి ఉంటుంది కాబట్టి నీరు జారిపోతుందే తప్ప లోపలికి రాదు. వానకోటు కూడా అలాగే పనిచేయాలి: కోటు ప్యాంటు మీదికి, ప్యాంటు బూటు మీదికి. కానీ ఈదురుగాలి కొట్టిన రాత్రి అదే పెంకుటింట్లో జల్లు లోపల పడుతుంది కదా, గాలి నీటిని ఎగువకు తోస్తుంది కాబట్టి. ఎంత ఎగువకు? 60 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి ఒత్తిడి 17 మిల్లీమీటర్ల ఎత్తు నీటిని నిలబెడుతుంది. 100 కిలోమీటర్ల వేగంలో 47 మిల్లీమీటర్లు. వేగం రెట్టింపైతే ఇది నాలుగింతలవుతుంది. కాబట్టి మక్కా వైపు పోయే హిజ్రా రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు, జిప్పు మీద కప్పే గుడ్డపట్టీ రెండు వేళ్ళ వెడల్పే ఉంటే నీరు దాని కిందుగా పైకి పాకి జిప్పు పళ్ళలోంచి ఛాతీ మీదికి దిగుతుంది. పట్టీ నాలుగు వేళ్ళ వెడల్పు ఉండాలి. లోపల ఇంకో పట్టీ ఉండి, రెండూ ఒకదానికొకటి ఎదురుగా మడిచి ఉంటే మరీ మంచిది. దుకాణంలో కోటు పట్టుకోగానే ముందు చూడాల్సింది ఇది. రంగూ పేరూ తరవాత.

కోట్ల మీద 5,000, 10,000, 20,000 మిల్లీమీటర్లు అని అంకెలు రాసి ఉంటాయి. గుడ్డ మీద అంత ఎత్తు నీటి స్తంభం నిలబెట్టినా లోపలికి ఊరదని అర్థం. 10,000 అంటే 10 మీటర్ల నీరు. మంచి అంకే. కానీ ఆ పరీక్ష గుడ్డ ముక్కకు చేసింది, కుట్టుకు కాదు, జిప్పుకు కాదు. సూది పోయిన ప్రతిచోటా బెజ్జం ఉంటుంది. కోటును తిరగేసి చూడు. లోపలివైపు కుట్ల మీద టేపు అతికించి ఉందా? అన్ని కుట్ల మీదా ఉందా, లేక భుజాల దగ్గర మాత్రమేనా? ఇంకా ముఖ్యం, ప్యాంటు కాళ్ళ నడుమ నాలుగు కుట్లు కలిసే చోటు చూడు. ఛాతీ మీద జారిన నీరంతా ఒడిలో మడుగు కడుతుంది. దాని మీదే నువ్వు కూర్చుంటావు. 70 కిలోల మనిషి బరువు సీటు మీద ఆనే జాగాలో పడితే అక్కడి ఒత్తిడి ఒక మీటరు నీటి స్తంభానికి సమానం. గుడ్డ తట్టుకుంటుంది, టేపు లేని కుట్టు తట్టుకోదు. వాన ప్యాంటు ఎక్కువగా ముందు ఓడిపోయేది అక్కడే. ఆ చోట కుట్టే లేకుండా ఒకే ముక్క గుడ్డ వేసిన ప్యాంట్లు దొరుకుతాయి. దొరికితే వదలొద్దు.

ఇక 60 రియాళ్ళ కోటుకూ 600 రియాళ్ళ కోటుకూ తేడా ఎక్కడుందంటే, లోపలి చెమట దగ్గర. 1823లో చార్లెస్ మాకింటోష్ అనే స్కాట్లాండ్ ఆయన రెండు గుడ్డల మధ్య రబ్బరు కరిగించి పూసి వానకోటుకు పేటెంటు తీసుకున్నాడు. వాన లోపలికి రాలేదు, సరే. చెమటా బయటికి పోలేదు. ఇప్పటి చవక పీవీసీ కోటుదీ అదే గుణం. గంటసేపు తొడుక్కుంటే వానకు తడిశామా చెమటకు తడిశామా తెలియదు. మన గొర్రెల కాపర్లు మాకింటోష్ కన్నా ముందునుంచే వానలో గొంగడి కప్పుకునేవాళ్ళు. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమను పీల్చుకుని కూడా ఒంటికి తడి తెలియనివ్వదు. పీల్చుకునేటప్పుడు కాస్త వేడి కూడా పుట్టిస్తుంది. బండి మీద గొంగడి పనికిరాదు గానీ, వానకోటు లోపల నూలు బనీను బదులు పలచని ఉన్నిదో పాలియెస్టరుదో వేసుకోమని నేను చెప్పేది అందుకే. నూలు తడిస్తే ఆరదు, ఒంటికి అంటుకుపోయి వేడి లాగేస్తుంది.

ఖరీదు కోటు సంగతి చెప్పడానికి మదీనా భలే వీలైన ఊరు. మస్జిదె నబవీ ఆవరణలో తెల్లటి పెద్ద గొడుగులు చూశారుగా, ఉదయం విచ్చుకుని సాయంత్రం ముడుచుకునేవి. 250 గొడుగులు, విప్పితే ఒక్కోటీ పక్కకు 25 మీటర్ల పైమాటే. జర్మన్ వాస్తుశిల్పి మహమూద్ బోడో రాష్ బృందం చేసిన పని. ఆ గొడుగు గుడ్డ పీటీఎఫ్‌ఈ అనే పదార్థం దారాలతో నేసింది. మన ఇళ్ళలో అంటుకోని దోసె పెనం మీద ఉండే టెఫ్లాన్ అన్నా అదే. 1938 ఏప్రిల్ 6న రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రవేత్తకు గ్యాసు సిలిండరులో అనుకోకుండా తెల్లటి పొడిగా దొరికింది. 1969లో అమెరికాలో బాబ్ గోర్ దాన్ని వేడిచేసి సాగదీయడానికి తంటాలు పడ్డాడు. నెమ్మదిగా లాగితే తెగిపోయేది. విసుగొచ్చి ఒక్క గుంజు గుంజితే తెగకుండా బారెడు సాగింది. సాగినదాంట్లో కోటానుకోట్ల సన్న రంధ్రాలు. నీటి బొట్టు దూరలేనంత చిన్నవి, నీటి ఆవిరి అణువు హాయిగా పోగలిగినంత పెద్దవి. ఆ పొరే గోర్-టెక్స్. ఖరీదు కోట్లలో గుడ్డకూ లోపలి జాలికీ నడుమ ఉండేది అదో, దాని లాంటిదో.

ఆవిరి బయటికి పోతుంది అన్నారు కదా, ఎవరు తోస్తారు దాన్ని? ఎవరూ తోయరు. లోపల ఆవిరి ఒత్తిడి ఎక్కువ, బయట తక్కువ, ఆ తేడాయే తోస్తుంది. కోటు లోపల చర్మం దగ్గర 33 డిగ్రీల వేడిలో చెమట నిండుగా ఉంటే ఆవిరి ఒత్తిడి 50 మిల్లీబార్లు. విజయవాడలో శ్రావణ మాసపు ముసురు, 28 డిగ్రీలు, గాలిలో తేమ 90 శాతం అనుకుంటే బయట 34. తేడా 16 మాత్రమే. అందుకే వందలు పోసి కొన్న కోటులో కూడా మన ఊళ్ళో ఉక్కపోస్తుంది. మదీనాలో జనవరి వాన, 15 డిగ్రీలు, తేమ 80 శాతం అనుకుంటే బయట 14 కూడా ఉండదు. తేడా 36. అంటే అదే కోటు మన కోస్తాలో కన్నా మదీనాలో రెండింతలకు పైగా ఊపిరి పీలుస్తుంది. తయారు చేసినవాడి అట్ట మీద ఈ మాట రాసి ఉండదు, ఊరిని బట్టి కోటు మారిపోతుందని.

అయితే ఒక షరతు. పై గుడ్డ మీద నీరు ముత్యాలుగా దొర్లిపోవాలి. తామరాకు మీద దొర్లినట్టే, పై గుడ్డకు ఒక పూత ఉంటుంది. అది అరిగిపోతే గుడ్డ నీటిని తాగేసి బరువెక్కుతుంది, రంధ్రాల మీద నీటి తెర కట్టి ఆవిరికి దారి మూసుకుపోతుంది. కోటు కారుతోందని పారేస్తారు చాలామంది, నిజానికి అది లోపలి చెమటే. మామూలు సర్ఫుతో ఉతికితే పూత పాడవుతుంది. సబ్బు అవశేషం నీటిని పిలుస్తుంది. గోరువెచ్చని నీళ్ళలో తేలికపాటి ద్రవ సబ్బుతో ఉతికి, రెండుసార్లు జాడించి, తయారీదారు చెప్పినంత వేడి తగిలిస్తే పూత తిరిగి లేస్తుంది. ఈ పూతల్లో వాడిన ఫ్లోరిన్ రసాయనాలు నేలలోనూ నీళ్ళలోనూ ఎన్నేళ్ళకూ నశించవని తేలింది. 2025 జనవరి నుంచి అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం వాటిని బట్టల్లో నిషేధించింది. గోర్ కంపెనీ కూడా వేరే ప్లాస్టిక్ పొరల వైపు మళ్ళింది. కొత్త పూతలు నీటిని బాగానే ఆపుతాయి గానీ నూనె మరకలకు తొందరగా లొంగుతాయి. బిర్యానీ డబ్బాలు మోసే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మరి నేను వాడికి ఏది కొనమన్నాను? రోజుకు నాలుగైదు గంటలు వానలో తిరిగే ఊరైతే 600 రియాళ్ళది కొనమనేవాణ్ణి. మదీనాలో వాన ఏడాదికి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని రోజులు, అదీ గంటా రెండు గంటలు. అక్కడ పాలియురేథేన్ పూత పూసిన నైలాను కోటూ ప్యాంటూ, అన్ని కుట్లకూ టేపు ఉన్నది, మామూలు బట్టల మీద వేసుకునేది సరిపోతుంది. మిగిలిన డబ్బు చేతిజోళ్ళకూ హెల్మెట్ అద్దానికీ పెట్టమన్నాను. ఎందుకంటే ప్రాణం నిలబెట్టేవి అవి.

బయట 10 డిగ్రీలుంటే 60 వేగంలో ఒంటికి 5 డిగ్రీల చలిలా తగులుతుంది. అదీ ఒళ్ళు పొడిగా ఉంటే. తడిసిన వేళ్ళ మీద గాలి కొడితే ఒక్కో గ్రాము నీరు ఆవిరవుతూ దాదాపు 580 కేలరీల వేడిని చర్మం నుంచి లాక్కుపోతుంది. ఒళ్ళు గుండెను కాపాడుకోవడానికి ముందు వేళ్ళకు రక్తం తగ్గిస్తుంది. మొద్దుబారిన వేలు బ్రేకు మీద ఎంత నొక్కుతోందో నీకే తెలియదు. తడి రోడ్డు మీద 60 వేగంలో బండి ఆగడానికి 35 మీటర్లు కావాలి, పొడి రోడ్డు మీద 20 చాలు. ఇది బ్రేకు పట్టిన తరవాతి దూరం. చూసి తేరుకుని వేలు కదిపేలోపు పోయే 17 మీటర్లు దీనికి అదనం. వేలు మొద్దుబారితే అది ఇంకా పెరుగుతుంది. మదీనాలో మరో చిక్కు ఉంది. నెలల తరబడి వాన లేక రోడ్డు మీద పేరుకున్న నూనె, టైరు రబ్బరు, ఎడారి దుమ్ము మొదటి జల్లుతో కలిసి జారుడు పేస్టులా అవుతుంది. మొదటి అరగంట బండి తీయకుండా ఉండగలిగితే ఉండండి. ఆర్డరు పోతే పోనీ.

చేతిజోడు కోటు చేతి లోపల ఉండాలా బయట ఉండాలా అని కూడా అడిగాడు. మంచి ప్రశ్న. పరుగెడుతున్నప్పుడు గాలి నీటిని వేళ్ళ నుంచి మోచేతి వైపు తోస్తుంది, కోటు అంచు బయట ఉంటే దాని నోట్లోకి నీరు కొడుతుంది. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు నీరు మోచేతి నుంచి వేళ్ళ వైపు జారుతుంది, జోడు బయట ఉంటే జోడు నిండుతుంది. అందుకే కోటు చేతికి రెండు అంచులున్నది చూడాలి. లోపలి సాగే అంచు జోడు కిందికి, బయటి అంచు జోడు మీదికి వచ్చి మణికట్టు దగ్గర పట్టీతో బిగుసుకోవాలి.

హెల్మెట్ అద్దం మీద లోపల పొగమంచు పట్టడానికి కారణం నీ ఊపిరే. 34 డిగ్రీల తడి గాలి 15 డిగ్రీల అద్దాన్ని తాకి నీరవుతుంది. అద్దం లోపల రెండో పలచటి అద్దం బిగించి నడుమ గాలి పొర ఉంచితే లోపలి అద్దం చల్లబడదు, మంచు పట్టదు. పిన్‌లాక్ అంటారు దాన్ని. దానికి పెట్టే డబ్బు కోటుకు పెట్టే డబ్బు కన్నా విలువైనదని నా గట్టి నమ్మకం. కోటుకుండే టోపీని మాత్రం హెల్మెట్ మీద వేసుకోకండి. గాలి నిండి మెడను వెనక్కి లాగుతుంది, పక్కచూపు మూసేస్తుంది. తోబు (పొడవాటి అరబ్బు అంగీ) మీద పోంచో కప్పుకుని బండి నడిపేవాళ్ళకు ఇంకా గట్టిగా చెబుతున్నాను, ఎగిరే అంచు వెనక చక్రంలోనో చైనులోనో పడితే చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

రంగు సంగతి. మెరిసే నిమ్మపసుపు రంగు అతినీలలోహిత కిరణాలను తాగి వాటిని కంటికి కనిపించే వెలుగుగా మారుస్తుంది. మబ్బు పట్టిన వేళ, మగ్రిబ్ నమాజుకు ముందు మసక వెలుగులో ఆ రంగు ముందుగా కనబడేది అందుకే. చీకటి పడ్డాక ఆ రంగుకు శక్తి లేదు, అప్పుడు తెల్లటి రిఫ్లెక్టర్ పట్టీలే దిక్కు. వాటిలో సన్నని గాజు పూసలు కారు దీపాన్ని వచ్చిన దారినే తిప్పి పంపుతాయి. పూసలు బయటికి తెరిచి ఉన్న చవక పట్టీ మీద నీటి పొర కడితే వెలుగు సరిగ్గా కేంద్రీకృతం కాక మెరుపు బాగా తగ్గిపోతుంది. సరిగ్గా వానలోనే. పైన ప్లాస్టిక్ పొర మూసి, తేనెపట్టు గళ్ళలా కనిపించే రకం తడిసినా మెరుస్తుంది. ఇంకోమాట, వీపు మీద ఎంత మంచి పట్టీ ఉన్నా అన్నం పెట్టె దాన్ని మూసేస్తుంది. పట్టీ పెట్టె వెనక అతికించాలి, చేతులకూ కాళ్ళకూ ఉండాలి.

కొలత బండి మీద కూర్చుని చూసుకోవాలి. చేతులు చాచి హ్యాండిలు పట్టుకుంటే కోటు చేతులు నాలుగు వేళ్ళు పైకి పోతాయి, మోకాలు మడిస్తే ప్యాంటు చీలమండ దాటి లేస్తుంది. నిలబడి సరిపోయిన కొలత బండి మీద సరిపోదు.

ఇప్పుడు మదీనాకే ప్రత్యేకమైన చిక్కు. అక్కడ వానకోటును చంపేది వాన కాదు, ఎండ. మే నుంచి సెప్టెంబరు దాకా వేడి 43, 45 డిగ్రీలు తాకుతుంటుంది. ఎండలో నిలిపిన బండి పెట్టె లోపల అంతకన్నా ఎన్నో డిగ్రీలు ఎక్కువ. ఆ వేడికి పీవీసీని మెత్తగా ఉంచే నూనె వంటి పదార్థం మెల్లగా ఊరి బయటికి పోతుంది, కోటు బిరుసెక్కి మడతల దగ్గర పగులుతుంది. పాలియురేథేన్ పూత జిగటగా మారి పొలుసులుగా ఊడుతుంది. కుట్ల మీది టేపు జిగురు వదిలేస్తుంది. ఆవరణలోని గొడుగులు ఏళ్ళ తరబడి ఆ ఎండను తట్టుకుంటున్నాయంటే పీటీఎఫ్‌ఈలో కార్బనుకూ ఫ్లోరినుకూ మధ్య బంధం అంత గట్టిది, ఎండ దాన్ని విడదీయలేదు. మన నైలాను కోటుకు ఆ బలం లేదు. కాబట్టి వేసవిలో దాన్ని బండిలో ఉంచకు. గదిలో, మడత పెట్టకుండా కొక్కేనికి తగిలించు. అక్టోబరు వచ్చాక మళ్ళీ బండిలోకి చేర్చు.

చేర్చేముందు ఒక పరీక్ష. లోపల లేత రంగు నూలు చొక్కా, లేత రంగు ప్యాంటు వేసుకుని, పైన వానకోటు పూర్తిగా బిగించి, స్నానాల గదిలో స్టూలు మీద బండి మీద కూర్చున్నట్టే ముందుకు వంగి కూర్చో. చేతి షవరు ఛాతీ మీదికి, ఒడిలోకి, మణికట్ల మీదికి పది నిమిషాలు పట్టమని గదిలోవాళ్ళకు చెప్పు. విప్పి చూస్తే లేత బట్ట మీద తడి మచ్చ ఎక్కడుందో, కారేది సరిగ్గా ఆ కుట్టే. నైలాను కోటైతే ఆ కుట్టును స్పిరిటుతో తుడిచి ఆరాక లోపలివైపు కుట్టు బెజ్జాలు మూసే సీమ్ సీలర్ సన్నగా పూసి ఒక రాత్రి వదిలెయ్యి. పీవీసీ కోటైతే అదే రకం ముక్క పీవీసీ జిగురుతో అతికించు. మచ్చ ఒక్క చోట కాక వీపంతా పరుచుకుని ఉంటే, లోపలి పూత గోటితో గీకగానే పొడిగా రాలుతుంటే, దాన్ని బాగుచేయడం కుదరదు. నవంబరు జల్లు రాకముందే కొత్తది తెచ్చుకో.